ఊ కొట్టాల్సిన కథ

ఒక మంగళవారం సాయంత్రం ఐదుంపావుకు, టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో మా ఎదురింటి వదిన ఆ కథ మొదలుపెట్టింది. రాజుగారికి ఇద్దరు కూతుళ్లు. పెద్దదానికి మంత్రాలు వచ్చు. అయితే మంత్రం వేసిన ప్రతిసారీ, ఆమెను ఎరిగినవాళ్లలో ఒకరు ఆమెను మరిచిపోతారు.

రోజూ సాయంత్రం కొంత చెప్పేది; ఊ కొట్టకపోతే వదిన కథ ఆపేసేది. క్వార్టర్స్ పిల్లలు హిందీలో "హా, ఫిర్?" అనేవాళ్లు, తర్వాతేంటని.

"ఊ అనండర్రా. ఫిర్ అంటే నా కథ కదల్దు."

వాళ్లు నవ్వుకున్నారు, రావడం మానేశారు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. లెక్క తప్పితే నేను ఊరుకోను.

"ఐదు మంత్రాలే అయినాయి కదా వదినా, ఆరుగురు మర్సిపోనారంటావేటి?"

"ఒకడు ఊరికే మర్సిపోనాడే. మనుసుల్ని మరవడానికి మంత్రాలేటి కావాల?"

వదిన వాళ్లాయన రిటైరై, వాళ్ల సామాను లారీకెక్కుతున్న రోజు కూడా వదిన గడప మీద కూర్చుని కథ చెప్పింది. శత్రువులు కోటలోకి వచ్చేశారు. చెల్లెలు బతకాలంటే ఇంకొక్క మంత్రం వెయ్యాలి. అక్కను ఎరిగిన మనిషి ఇక చెల్లెలొక్కతే.

"నువ్వు ఊ అంటే చెల్లి బతుకుద్ది. అక్కెవరో దానికి తెల్దు మరి. ఏటంటావు?"

లారీ హారన్ రెండుసార్లు మోగింది. ఊ అన్నాను.

కోట దక్కింది, చెల్లెలు దక్కింది. పోయినవి: అక్కను ఎరిగినవాళ్లు ఏడుగురు, నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఒకరు, ఆ తర్వాతి సాయంత్రాలన్నీ.