విమానానికి బొట్టు పెట్టించిన మా అత్త

మా కూతురు దివ్య శనివారం ఇంటికి వచ్చిందంటే దాని నీలం యూనిఫాం నేనే నానబెడతాను. వేడినీళ్ళు పోయగానే బకెట్లోంచి ఒక వాసన లేస్తుంది. ఇంజను నూనె, కిరసనాయిలు లాంటిది ఇంకేదో, ఎండకు కాగిన ఇనుము. మొన్న ఆ వాసన తగలగానే నా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. బెంగుళూరులో పాత విమానాలు పెట్టిన ఆ పెద్ద రేకుల షెడ్డు కళ్ళ ముందుకు వచ్చింది. దాని నడుమ చెప్పులు విడిచి నిలబడి ఉంది మా అత్త ఆండాళమ్మ. ఆమెను మీరెవరూ చూడలేదు. చూసి ఉంటే నేనింత కష్టపడి రాయనక్కర్లేదు. నేను అయిదో తరగతి దాటలేదు. చిత్తూరు పక్క పల్లెలో నేర్చుకున్న అక్షరాలతో రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

పెళ్ళయి నేను వచ్చింది పుదుచ్చేరిలో ఒర్లియంపేటకు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, వీధిలో తమిళం, మా ఇంట్లో తెలుగు. అదే ఊరి మేట్టుపాళయంలో మావాళ్ళకు ఇనుము కోసే లేత్ షెడ్డు ఒకటి ఉంది. మా మామ పెట్టినది. ఆయన పోయాక మా ఆయన అన్న, మా బావ గోవిందరాజు చూసుకుంటున్నాడు. మా ఆయన శీను అన్న కిందే పని చేస్తాడు, అన్న మాట దాటడు. ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. ఇంటి ఆడవాళ్ళు గడప దాటి లోపలికి పోకూడదు. అన్నం క్యారియర్ తీసుకుపోయినా గడప బయటే పెట్టి రావాలి. ఆయుధపూజ నాడు పొంగలి, గుగ్గిళ్ళు చేసేది మేము, వాకిట్లో ముగ్గు వేసేది మేము. మిషన్లకు గంధం, కుంకుమ పెట్టేది మాత్రం మగవాళ్ళు. మేము బయటినుంచే హారతి కళ్ళకద్దుకోవాలి.

దివ్య చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక పూజనాడు నా చెయ్యి విడిపించుకొని లోపలికి పరుగెత్తింది. లేత్ చక్రం మీద చెయ్యి పెట్టింది. బావ దాన్ని ఎత్తుకొచ్చి గడప బయట దించి, "ఏంది సుగుణా, బిడ్డను పట్టుకోలేవా? పూజ చేసిన మిషను గదా!" అన్నాడు. అందరి ముందూ మిషన్ మీద పసుపునీళ్ళు చల్లాడు. నేను తల వంచుకున్నాను. ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు మా అత్త రోడ్డు వైపు చూస్తూ అంది: "ఆ మిషను కోయంబత్తూరు నుంచి వచ్చిన దినం, దాని పక్కన లారీలో కూచోని వచ్చింది నేనే. తాడు తెగతాదని రెండు చేతులా పట్టుకోని వచ్చినా. అప్పుడు లేని మైల ఇప్పుడు యాడనుంచి వచ్చిందో." ఆ మాట చాలా ఏళ్ళు ఆమె కడుపులో ఉండి ఉంటుంది. బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి పోలేదు.

దివ్య ప్లస్ టూ ముగించి, చెన్నైలో విమానాలు బాగుచేసే చదువు చదువుతానంది. బావ నవ్వాడు. "మన షెడ్డులోనే ఆడబిడ్డ అడుగు పెట్టదు. ఇది పోయి విమానం కింద పండుకోని నట్లు తిప్పతాదా? బీకాంలో చేర్పించు శీనూ." మా ఆయన నేలను చూశాడు. బిడ్డ లోపలికి పోయి తలుపు వేసుకుంది. మా అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "చేరేదానికి ఇంకా దినాలుండాయి గదా" అంది, అంతే. ఆ రోజులు దగ్గరపడుతున్నాయి. ఇంట్లో ఎవరూ ఆ ఊసే ఎత్తడం లేదు.

అంతలో బెంగుళూరులో చుట్టాల పెళ్ళి వచ్చింది. వ్యాను కట్టుకొని అందరం పోయాము. మరుసటి రోజు బావ పిల్లలకు పార్కు చూపిద్దామన్నాడు. మా అత్త ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. "విమానాలు పెట్టిండే చోటికి పోదాం. నేను చచ్చేలోపల ఒకదాన్ని చేత్తో తాకాల."

"అమ్మా, అవి ఎగరవు. అన్నీ పాత సామాన్లు" అన్నాడు బావ.

"నేనూ పాత సామానే గదరా. పోనీ బండి."

అక్కడ పచ్చిగడ్డి మీద కొన్ని, రేకుల షెడ్డు కింద కొన్ని విమానాలు ఉన్నాయి. దివ్య ఒక్కో దాని దగ్గరికి పరుగెత్తి, రెక్క ఇట్లా ఎందుకుంది, తోక అట్లా ఎందుకుంది అని పిల్లలకు చెబుతోంది. ఇంట్లో నోరు మూసుకున్న బిడ్డ అక్కడ ఆగకుండా మాట్లాడింది. బావ ఫోను చూసుకుంటూ నడిచాడు. మా అత్త మాత్రం ముందర ఫ్యాను ఉన్న ఒక చిన్న విమానం దగ్గర నిలబడిపోయింది. రంగు పెచ్చులు లేచి, గాలి లేని చిన్న చక్రాలతో ఉంది అది. ఆమె చెప్పులు విడిచింది. వ్యాను బయలుదేరేటప్పుడు చక్రాల కింద పెట్టగా మిగిలిన నిమ్మకాయ సంచిలో ఉంది. దాన్ని తీసి, వంగి, విమానం చక్రం కింద పెట్టింది. తరువాత కుంకుమ పొట్లం విప్పింది.

"అమ్మా! ఏం చేస్తుండావు? జనం చూస్తుండారు!" బావ పరుగున వచ్చాడు.

"చూడనీ. ఇది నీ షెడ్డు కాదు, ఇక్కడ గడప లేదు. దివ్యా, దా. బొట్టు పెట్టు."

దివ్య పెదనాన్నను చూసింది, నన్ను చూసింది. నేను తల ఊపాను. ఎట్లా ఊపానో ఇప్పటికీ నాకు తెలియదు. బిడ్డ వేలితో కుంకుమ అద్ది, విమానం ముక్కు మీద బొట్టు పెట్టింది. అప్పుడే కాపలా మనిషి ఈల ఊదుతూ వచ్చాడు. కోలారు పక్కవాడంట, తెలుగులోనే అరిచాడు. "అవ్వా, తాకొద్దని బోర్డు పెట్టిండాము గదా! పైగా నిమ్మకాయ ఏంది? ఇది యాడికీ పోదు!"

"నా మనవరాలు పోతాది గదా నాయనా."

ఆ మనిషికి నవ్వు ఆగలేదు. కానీ తుడవక తప్పదన్నాడు. బావ జేబురుమాలు తీశాడు. మా అత్త పక్కకు జరిగి దారి ఇచ్చింది. "తుడువు. విమానం వాళ్ళది. దివ్య పెట్టింది మాత్రం అందరమూ చూసినాము."

తిరిగి వస్తూ కృష్ణగిరి దాటాక టీకి ఆగాము. గ్లాసు పట్టుకొని బావ అన్నాడు: "నలుగురిలో నా పరువు తీసినావు కదమ్మా."

"నీ షెడ్డులోకి నేను వచ్చినానా? రాలేదు. రాను కూడా. ఆ బిడ్డ చదువు నీ షెడ్డు లోపల లేదురా."

బావ నా వైపు తిరిగాడు. "తల్లివి నువ్వు. నువ్వు చెప్పు సుగుణా, ఏం చేస్తాము?" ఆ ఇంట్లో నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. "మీ ఇష్టం బావా" అంటానని తెలిసే అడిగాడు. మా అత్త టీ ఊదుకుంటోంది, నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమె మాట నేను చెప్పినట్టు అయ్యేది. అది ఆమెకు వద్దు. ఈ సంగతి నాకు చాలా రోజుల తరువాత అర్థమయింది.

"చేర్పిస్తాము బావా" అన్నాను. మా ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. "ఆ, చేర్పిద్దాం అన్నా" అన్నాడు. బావ తాగని టీ నేల మీద పోసి వ్యాను ఎక్కాడు.

కాలేజీలో చేర్చేటప్పుడు బావ రాలేదు. మా అత్త మోకాళ్ళ నొప్పితోనే చెన్నై బస్సెక్కింది. కాలేజీ వరండాలో కాళ్ళు చాపుకొని కూర్చుని పులిహోర తింటూ, పోయే వచ్చే పిల్లలందరినీ "ఏ ఊరు నాయనా?" అని అడిగింది. దివ్య చదువు ముగిసేదాకా ఆమె ఉండలేదు. పోయిన వానల్లో నిద్రలోనే పోయింది.

ఇప్పుడు దివ్యకు ట్రెయినింగు హైదరాబాదులో పడింది. పోయిన వారం బావ వచ్చి కూర్చున్నాడు. "అమ్మ పోయింది. ఇకనైనా నేను చెప్పేది వినండి. ఆడబిడ్డను అంత దూరం పంపొద్దు." నేను వంటింట్లోంచి వచ్చాను. ఆయన ఎదురుగా ఎప్పుడూ కూర్చోనిదాన్ని, కుర్చీ లాక్కొని కూర్చున్నాను.

"పోతాది బావా."

"అమ్మ మాటలు మాట్లాడుతుండావే."

"లేదు బావా. ఇవి నా మాటలే."

దివ్యకు రైలు టిక్కెట్టు తీయమని బావ ముందే మా ఆయనకు చెప్పాను.