రంగు మారని నీళ్ళు

మా ల్యాబ్ బాబాయి పోయారని గురువారం పొద్దున్న ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న నిద్దర్లోనే పోయేరు మేడమ్" అంది. ఏడవాల్సింది పోయి, దేవరాపల్లి వైపు నుంచి పరీక్షకి వచ్చిన నీళ్ళు ఇక నాతో కలిసి ఎవరు చూస్తారా అని ముందు కంగారుపడ్డాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

చోడవరంలో మా కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్‌కి ఆయన అటెండరు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చేవారు. నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉంటే నీలంగా మారేలా జన్యువులు మార్చిన బ్యాక్టీరియాను మేం పెంచుతాం. ఊళ్ళ బోరు నీళ్ళలో దాన్ని కలిపి, వెచ్చటి పెట్టెలో ఉంచి, మర్నాడు చూస్తాం. ఆ పెట్టె తలుపు మీద బాబాయి జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టేవారు. థర్మామీటరు ఉంది కదా అంటే, "దానికేటి తెలుసమ్మా" అనేవారు.

పోయిన వేసవిలో రావికమతం వైపు ఒక బడి నీళ్ళు పరీక్షించాను. రంగు మారలేదు. నీళ్ళు మంచివేనని హెడ్‌మిస్ట్రెస్‌కి గొప్పగా చెప్పేశాను. ఫోన్ పెట్టేసరికి బాబాయి చెయ్యి తలుపు మీద ఉంది.

"ఇదేటమ్మా, కాలిపోతంది! విషం కలిపిన ట్యూబు పక్కన పెట్టేరా?"

పెట్టలేదు. వేడి మించితే బ్యాక్టీరియా చచ్చిపోయి, విషమున్నా రంగు మారదు. కావాలనే విషం కలిపిన ఆ ట్యూబు నీలంగా మారితేనే మా బ్యాక్టీరియా బతికున్నట్టు. తొందరలో మానేశాను.

"పాలు తోడుకోలేదంటే తప్పు పాలదో తోడుదో ముందు సూడాలి కదమ్మా."

మళ్ళీ పరీక్షించి, తేలాకే బడికి చెబుదామని గొణిగాను. ఏనాడూ నా మీద గొంతెత్తని మనిషి ఆ రోజు ఎత్తారు.

"మన పరువు తర్వాత సూసుకుందుము. ముందు ఆ బడి పిల్లల్ని, ఆ గుంటల్ని తాగకుండా ఆపండి."

ఆపించాను. మూడు రోజులు అన్నం సయించలేదు. కొత్త పరీక్షలో నీళ్ళు మంచివేనని తేలాక నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. "ఈసారికి బతికిపోయేం" అన్నారు, అంతే. పాఠాలు చెప్పినవాళ్ళు నాకు చాలామంది ఉన్నారు. భయపడాల్సిన చోట భయపడడం నేర్పింది ఈయనే. ఆ మాట ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు.

ఇవాళ ట్యూబులు తీశాను. దేవరాపల్లి నీళ్ళు తేటగా ఉన్నాయి. విషం కలిపిన ట్యూబూ తేటగానే ఉంది. అంతలో ఆ నీళ్ళు పంపిన ఊరావిడ ఫోన్ చేసింది.

"రంగు మారలేదు కదండీ మేడమ్? బిందె నింపీసేను. మా గుంటకి తాగించీమంటారా?"

మారలేదన్నది నిజమే. ఆ ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు.

"తెలీదమ్మా. నాకింకా తెలీదు. తాగించకండి."

బిందె ఒంపేసిన చప్పుడు, నీళ్ళు గచ్చు మీద చాలాసేపు పారడం ఫోన్‌లో వినిపించాయి.