గొయ్యి కోసం ఎమ్మెల్యే గారి దగ్గరికి

మా సంఘపు సమాధుల తోటలో ఇక కొత్త గొయ్యికి చోటు లేదని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ పెద్ద లేచి చెప్పారు. అమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. తనకు కాన్సరని ఆమెకు అప్పటికే తెలుసు. ఇకమీదట ఎవరింట్లో మరణం జరిగినా ఆ కుటుంబపు పాత సమాధినే తెరిచి అందులో పెట్టాలని, పాత సమాధి లేనివాళ్ళు వేరే ఏర్పాటు చూసుకోవాలని ఆయన చెప్పారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఆ తోట చూసినవాళ్ళు మాట్లాడలేరు. ఒకప్పుడు బెజవాడ బయట ఉన్న స్థలం ఇప్పుడు నాలుగు వైపులా అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయింది. లోపల అడుగు వేయాలంటే ఎవరో ఒకరి మీద వేయాల్సిందే.

మాకు పాత సమాధి ఉంది. అది నా కూతురిది.

నాలుగేళ్ళు నిండకుండానే డెంగీ జ్వరంతో పోయింది. నేను బడికీ, మా ఆయన ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డుకీ వెళ్ళిపోతే దాన్ని పెంచింది అమ్మే. అది పోయాక మా ఆయన చాలా రోజులు పొద్దుపోయేదాకా షెడ్డులోనే ఉండిపోయేవారు. ఒక సాయంత్రం షెడ్డు నుంచి చిన్న ఇనుప గ్రిల్లు ఆటోలో వేసుకొచ్చారు. పసిపిల్లలు పడిపోకుండా మంచానికి కట్టే చువ్వల్లా ఉంది అది. దాన్ని సమాధి చుట్టూ బోల్టులతో బిగించి, ప్రతి ఏడాదీ సమాధుల పండుగకు ముందు తెల్ల రంగు వేసేవారు.

నాన్నను హనుమాన్ జంక్షన్ దగ్గర మా సొంత పల్లెలో పెట్టాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడి సమాధులన్నీ పోయాయి. నాన్న మీద ఇప్పుడు లారీలు తిరుగుతున్నాయి. అమ్మ ఆ దారిన బస్సెక్కడం మానేసింది.

ఆ ఆదివారం ఇంటికి వెళ్తూ ఆటోలో అమ్మ అంది, "పిల్లని కదిలించొద్దే."

"ఊరుకో అమ్మా, ఇప్పుడెందుకా మాటలు?"

"ఇప్పుడు కాకపోతే పోయాక చెప్పనా? నన్ను ఎక్కడన్నా పెట్టు. దాని మీద మాత్రం పెట్టకు. నిద్దట్లో ఎవరి కాలు తగిలినా ఉలిక్కిపడి లేచేది అది."

నేను సండే స్కూల్లో పాఠాలు చెప్తాను. సమాధిలో ఉన్నది విడిచేసిన వస్త్రం లాంటిదనీ, ప్రభువు పిలిచిన రోజున ఏ మట్టిలో ఉన్నవాళ్ళైనా లేస్తారనీ ఎంతోమంది పిల్లలకు చెప్పాను. అది నమ్ముతాను. అమ్మ పక్కన ఆటోలో కూర్చున్నప్పుడూ నమ్మాను. కానీ ఆ నమ్మకం ఆ మట్టి దగ్గరికి గడ్డపార తీసుకెళ్ళే ధైర్యం మాత్రం ఇవ్వలేదు.

ఎమ్మెల్యే గారిని అడుగుదామని పాస్టరు గారే అన్నారు. మా నియోజకవర్గంలో అన్ని రకాల మనుషులూ ఉన్నారు. కాలువ గట్టు మీద గుడిసెలవాళ్ళు, మసీదు వీధులవాళ్ళు, మా సంఘాలవాళ్ళు, హోల్‌సేల్ కొట్లవాళ్ళు, కాలువ దాటితే వరి పొలాల రైతులు. ఎమ్మెల్యే గారు ఆ పొలాల మనిషి. ఎవరింట్లో చావు జరిగినా వచ్చేవారు. మసీదు దగ్గర జేబురుమాలు తలకు కట్టుకునేవారు. మా ఇళ్ళలో ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకుని నిలబడి, అందరి తర్వాత ఒక్కరే గట్టిగా ఆమెన్ అనేవారు. మేం నవ్వుకునేవాళ్ళం గాని, ఆయన రాకపోతే వెలితిగా ఉండేది.

పొద్దున్నే ఆయన ఇంటి ముందు రేకుల పందిట్లో కుర్చీలన్నీ నిండిపోయాయి. వీధి దీపాల కోసం వచ్చినాయన నన్నడిగాడు, "ఏం పని మీదమ్మా?"

"సమాధులకి స్థలం కోసమండీ."

"బాగుంది! బతికున్నోళ్ళకే సెంటు స్థలానికి దిక్కు లేదు. పోయినోళ్ళకి పట్టాలడగొచ్చారా?"

అవతలి కుర్చీలో ఉన్న తెల్లగడ్డం పెద్దాయన నవ్వారు. "బతికినోడు అద్దెకుంటాడు బాబూ. పోయినోడికి అద్దెకెవరిస్తారు?"

ఆయన మసీదు కమిటీ పెద్ద. వాళ్ళ ఖబరస్తాన్‌లో కూడా చోటు అయిపోయిందట. ఇంట్లో ఆయన భార్యకు డయాలిసిస్ చేయిస్తున్నారు.

ఎమ్మెల్యే గారు పాస్టరు గారినీ, నన్నూ, ఆ మసీదు పెద్దాయన్నీ కలిపి కూర్చోబెట్టుకున్నారు. నేను నా కూతురి సంగతి కూడా చెప్పాను. ఆయన అడిగారు,

"అమ్మ నడుస్తున్నారా?"

"నడుస్తోందండీ."

"అయితే టైముంది. చూద్దాం చెల్లెమ్మా."

నిజంగానే చూశారు. కాలువ అవతల, పొలాల మధ్య ఉన్న ఒక ఊరి చివర తుమ్మలు మొలిచిన ప్రభుత్వ స్థలం ఉంది. అధికారులను వెంటబెట్టుకుని తిరిగి దాన్ని మంజూరు చేయించారు. ఒక పక్క మాకు, ఒక పక్క ముస్లింలకు, రోడ్డు వైపు భాగం ఆ ఊరివాళ్ళ దహనాలకు. అసెంబ్లీలో కూడా దీని గురించి మాట్లాడారు. ఆ వీడియో ముక్క ఎవరో ఫోన్లో పంపితే అమ్మకు చూపించాను. శ్మశానాలు, ఖబరస్తాన్లు, సమాధుల తోటలు అని ఆయన ఒక్క గుక్కలో చదువుతున్నారు.

"నా గొయ్యి టీవీలోకొచ్చిందే," అని అమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది.

ఆ ఊరివాళ్ళు మొదటి రోజు నుంచీ వద్దన్నారు. వాళ్ళకు వర్షంలో శవాన్ని కాల్చడానికి నీడ లేదు. ఎమ్మెల్యే గారు ముందు వాళ్ళ షెడ్డు కట్టిస్తానన్నారు. పాస్టరు గారు మెల్లగా అడిగారు, "మా హద్దు రాళ్ళు కూడా ఒకేసారి వేయిస్తే బాగుండేమోనండీ?"

"కాదనేవాడి పని ముందు చెయ్యాలండీ. ఔననేవాళ్ళు మీరు ఎటూ ఆగుతారు. నా పద్ధతెప్పుడూ ఇదే. గొడవ లేకుండా అయిపోద్ది."

ఆ పద్ధతితోనే ఆయన ఎన్నో వీధులకు నీళ్ళు తెప్పించారు, ఎన్నో తగవులు తీర్చారు. మేం కాదనలేదు.

షెడ్డు బాగా కట్టారు. రేకుల పైకప్పు, బోరు, స్నానాల గది, కూర్చోవడానికి సిమెంటు బల్లలు. ప్రారంభానికి మమ్మల్నీ పిలిస్తే పాస్టరు గారు, నేను, మసీదు పెద్దాయన వెళ్ళాం. ఊరివాళ్ళు ఎమ్మెల్యే గారికి పూలదండ వేశారు, మాకు కూల్‌డ్రింకులిచ్చారు. ఆ తర్వాత మా భాగం కొలవడానికి మనుషులు వెళ్ళినప్పుడు అదే ఊరివాళ్ళు టేపు లాక్కుని వెనక్కి పంపేశారు. శ్మశానం ఊరిదనీ, ఊరికి బయటివాళ్ళ శవాలు అక్కర్లేదనీ చెప్పారు. ఎమ్మెల్యే గారు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ప్రతిసారీ టీ ఇచ్చేవాళ్ళు, అదే మాట చెప్పేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకు ఆయన ఇవ్వాల్సింది ఏమీ మిగల్లేదు.

అప్పటికి అమ్మ మంచం దిగడం లేదు.

"ఆ షెడ్డులోనే కాల్చెయ్యండే నన్ను," అంది ఒక మధ్యాహ్నం. "పిల్ల జోలికి పోకుండా ఉంటది."

మా కుటుంబంలో ఇంతవరకు ఎవర్నీ కాల్చలేదు. పాస్టరు గారిని అడిగితే, బూడిదలోంచి లేపడం దేవునికి కష్టమేమీ కాదమ్మా అన్నారు. అది నాకూ తెలుసు. అయినా అమ్మ పాదాలకు నూనె రాస్తున్నప్పుడు ఆ పాదాలను మంటలో ఊహించుకోలేకపోయాను. అయినా ఆ షెడ్డులోకి మాత్రం బయటివాళ్ళను ఎవరు రానిస్తారు?

అమ్మ ఒక ఉదయం ప్రభువునందు నిద్రించింది. ఫ్రీజరు పెట్టె రాకముందే ఎమ్మెల్యే గారు వచ్చారు. అమ్మకు దండం పెట్టి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి అన్నారు, "అక్కడికే తీసుకెళ్దాం. ఇవాళ మొదలైపోవాలి. నేను ముందుంటాను. నా ఎదురుగా కాదనరు."

మధ్యాహ్నం ప్రార్థన ముగించుకుని బయల్దేరాం. అమ్మ ఉన్న వ్యాను, ముందు ఆయన కారు, వెనక సంఘం వాళ్ళ ఆటోలు. మసీదు పెద్దాయన కూడా ఇంకో ఇద్దరితో వచ్చారు. కాలువ వంతెన దాటి ఊరి మొదట్లోకి వెళ్ళేసరికి రోడ్డు మీద ఊరివాళ్ళు కూర్చుని ఉన్నారు. మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు.

"ఓట్లకి మా దగ్గరికీ, శవాల్ని మా మీదకీనా సార్?" అని ఒకతను అరిచాడు.

"మీ షెడ్డు కట్టించింది ఎవరయ్యా?"

"మీరే. దండం పెడతాం. మీ ఫొటో కూడా పెట్టాం అక్కడ. ఇంతటితో ఆపండి."

"ఆ భూమి ప్రభుత్వానిది. అందరిదీ."

"అందరిదీ అయితే మీ ఇంటి పక్కన పెట్టించండి. పాతిన శవాల నీళ్ళు మా బోరులోకే వస్తయ్యి. తాగేది మా పిల్లలు."

వెనక ఆటోల్లోంచి మా కుర్రాళ్ళు దిగారు. "పోలీసుల్ని పిలిపించండి సార్. మావి ఓట్లు కావా?"

నేను వ్యాను దగ్గరే నిలబడి ఉన్నాను. రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ళలో మా అమ్మ వయసు ఆవిడ నన్ను చూసి గొంతు తగ్గించి అడిగింది, "ఎవరమ్మా పోయింది?"

"మా అమ్మండీ."

"ఏమైంది?"

"కాన్సరు."

"అయ్యో తల్లీ," అంది. కొంగుతో కళ్ళొత్తుకుంది. అక్కణ్ణించి మాత్రం లేవలేదు.

ఎమ్మెల్యే గారు చాలాసేపు వాళ్ళతో మాట్లాడి నా దగ్గరికి వచ్చారు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. ఎస్సై కాస్త దూరంగా నిలబడి ఆయన మాట కోసం చూస్తున్నాడు.

"చెల్లెమ్మా, నేను ఊ అంటే వీళ్ళని లేపేస్తారు. అమ్మని ఇవాళ పెట్టేయొచ్చు. రేపట్నించి ఆ మట్టికి కాపలా మాత్రం నేను పెట్టలేను. మీరేది చెప్తే అది చేస్తాను."

పరదేశిగా బతికిన మన పితరుడు ఒకాయన, భార్య చనిపోయినప్పుడు, ఆ దేశపు మనుషుల ముందు లేచి సాగిలపడి పాతిపెట్టుకోవడానికి చోటడిగిన అధ్యాయం బైబిల్లో ఉంది. దేవుడు ఆ దేశమంతా ఆయనకే ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. అయినా ఆయన వంగాడు. వాళ్ళు సరేనన్నాకే పెట్టాడు. ఆ పాఠం పిల్లలకు చెప్పేటప్పుడు నేను తొందరగా దాటేసేదాన్ని, అందులో చెప్పడానికి ఏమీ లేదనుకుని. ఆ రోడ్డు మీద అది ఒక్కో మాటా నాకు గుర్తొచ్చింది. మేమూ అడిగాం. వాళ్ళు సరేననలేదు. వద్దన్న మనుషుల మధ్య అమ్మను ఒంటరిగా వదిలేసి ఇంటికి వెళ్ళలేను.

మా ఆయన వంక చూశాను. ఆయన నేలకేసి చూస్తూ తల ఊపారు.

"వెనక్కి తిప్పించండి," అన్నాను.

"నన్ను క్షమించమ్మా," అన్నారు ఎమ్మెల్యే గారు. మొదటిసారి నువ్వు అన్నారు. క్షమించానని చెప్పాలి. మాకు నేర్పింది అదే, నేను నేర్పేదీ అదే. నోట్లోంచి రాలేదు. మసీదు పెద్దాయన వచ్చి వ్యాను తలుపు వేశారు. ఆ రోజు వెనక్కి తిరిగింది మా అమ్మ ఒక్కతే కాదని ఆయనకు తెలుసు.

ఇక మిగిలింది మా పాత సమాధే. మా ఆయన స్పానర్లు తీసుకుని బండి మీద మాకంటే ముందే సమాధుల తోటకు వెళ్ళారు. గ్రిల్లు బోల్టులు తుప్పు పట్టి కదల్లేదు. గోతులు తీసే అతను గ్యాస్ కట్టర్ తెప్పించమన్నాడు. మా ఆయన వినలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో బోల్టూ చేత్తోనే ఊడదీశారు. గ్రిల్లును ఎత్తి పక్క సమాధికి ఆనించి, గేటు బయటికి వెళ్ళిపోయారు.

నేను మాత్రం ఉన్నాను. తల్లి ఒక్కతైనా ఉండాలనిపించింది. పెట్టె ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. గౌను అంచున ఉన్న నైలాను లేసు మాత్రం పాడవలేదు, బురదలోంచి తీస్తే సాగుతూ వచ్చింది. మిగిలినవన్నీ కలిపి నా రెండు దోసిళ్ళయ్యాయి. ఆ కాస్తే. కొత్త తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కదిలించొద్దన్న అమ్మ అక్కడే పెట్టెలో, నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ప్రభువా, ఈమెకు తెలియనివ్వకు అని ప్రార్థన చేశాను. తెలిసే ఉంటుందని కూడా నాకు తెలుసు.

గోతిలోంచి అతను తలెత్తి అడిగాడు. "అమ్మగారూ, ఇంకో మూడడుగులు తియ్యనా? తీస్తే రేపు పైన ఇంకొకళ్ళకి చోటుంటది. కాకపోతే కింద నీళ్ళూరతన్నయ్యి. పెట్టె నీళ్ళల్లోనే దించాలి."

పాస్టరు గారు, మా వెనకే వచ్చిన ఎమ్మెల్యే గారు నా వంక చూశారు. గోతి మూలన అప్పటికే మట్టి నల్లగా చెమ్మ పడుతోంది.

"వద్దు. చాలు. పొడిగా ఉండగానే పెట్టండి."

"మరి మీకో అమ్మా?"

"నాకు వీళ్ళు చూస్తారు," అన్నాను ఎమ్మెల్యే గారిని చూపించి.

ఆయన చూద్దాం అనలేదు. తల వంచుకుని చెప్పులు విడిచి గోతి అంచుకు వచ్చి, మా కుర్రాళ్ళతో పాటు తాడు పట్టుకున్నారు. అమ్మను దించారు. నేను ఒళ్ళో ఉన్న తెల్లగుడ్డ మూటను అందిస్తే, లోపల ఉన్న అతను దాన్ని రెండు చేతుల్తో తీసుకుని పెట్టె మీద, అమ్మ గుండెలు ఉండే చోట పెట్టాడు.