ఊపిరాడని బండి

ఈసారి కూడా లూయిస్‌విల్ దాటీ దాటకముందే బండి దగ్గింది. నాలుగు కుదుపులు కుదిపి, ఇక నా వల్ల కాదన్నట్టు చల్లబడిపోయింది. విశ్వనాథం ఇండికేటర్ వేసి, మిగిలిన ఆ కాస్త వేగంతోనే దాన్ని రోడ్డు వారకి దొర్లించి, స్టీరింగ్ మీద తల ఆన్చారు. పక్కనుంచి ట్రక్కులు హోరుమని పోతున్నాయి. బండికి పైకప్పు లేదు కాబట్టి ఆ గాలీ దుమ్మూ అంతా ఆయన మొహానికే కొట్టింది. ఫ్రిస్కో ఇంకెంతో దూరం లేదు. అక్కడ స్నేహితుడు రామమోహనరావు జబ్బుతో మంచం మీద ఉన్నారు, ఈ బండి కోసమే ఎదురుచూస్తూ.

"దేవుడా, ఒక్కసారి," అనుకున్నారు విశ్వనాథం. ఆయన పెద్దగా దేవుణ్ణి నమ్మే మనిషి కాదు. కానీ డెబ్బై దాటిన వయసులో, టెక్సాస్ ఎండలో, తన చేతులతో బిగించిన బండే తనని నడిరోడ్డు మీద కూర్చోబెడితే ఎంతటివాడైనా నమ్మి తీరతాడు.

పావుగంట ఆగి తాళం తిప్పితే ఏ జబ్బూ లేనట్టు లేచింది. అదే ఆయన్ని చంపుకుతింటోంది. పూర్తిగా చచ్చిపోతే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకోవచ్చు. ఇది బతికినట్టే బతికి మళ్ళీ చస్తోంది. ముందుకి పోయే ధైర్యం లేక, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, వెనక్కి తిప్పి, ఇంకోసారి ఆగి, ఎలాగో కాపెల్‌లో ఇల్లు చేరారు.

ఈ బండి సంగతి చెప్పాలంటే ఇద్దరి సంగతీ చెప్పాలి. విశ్వనాథం జీవితమంతా పెద్ద పెద్ద బిల్డింగులకి ఎయిర్ కండిషనింగ్ గొట్టాలు డిజైన్ చేసిన ఇంజనీరు. రామమోహనరావు ఆపరేషన్ థియేటర్‌లో మత్తుమందు ఇచ్చే డాక్టరు. ఇద్దరూ పెళ్ళికి ముందు డాలస్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే డొక్కు కారు. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, దాని ఇంజను ఆగిపోయేది. డాక్టరు గారు టై సర్దుకుని దిగి వెనకనుంచి తోసేవారు, ఇంజనీరు గారు దర్జాగా స్టీరింగ్ పట్టుకునేవారు. "ఎప్పటికైనా మన చేత్తో మనం ఒక బండి చేసుకుందాం రా, ఆగనిది," అని ఆ రోజుల్లోనే రామమోహనరావు అన్నారు. ఆ మాట నలభై ఏళ్ళు ఇద్దరి కడుపులోనూ ఉండిపోయింది.

రిటైరయ్యాక తోటివాళ్ళంతా మనవళ్ళని సాకర్ క్లాసులకి తిప్పుకుంటుంటే, వీళ్ళిద్దరూ కిట్ కార్ తెప్పించుకున్నారు. చట్రం, పైతొడుగు, ఇంజను, నట్లూ బోల్టులూ అన్నీ విడివిడిగా పెట్టెల్లో వస్తాయి. ఇంట్లో కూర్చుని బిగించుకోవాలి. రెండే సీట్లు. విశ్వనాథం గరాజ్‌లో ఆ పెట్టెలు దిగిన రోజు ఆయన భార్య గిరిజ, "పిల్లలకి బొమ్మ కార్లు కొనాల్సిన వయసులో కొనలేదు, ఇప్పుడు మీరు ఆడుకుంటారా?" అంది. అని ఊరుకోకుండా ప్రతి శనివారం ఇద్దరికీ వేడివేడిగా ఏదో ఒకటి వేయించి పెట్టేది. ఆ వేపుడు కూడా అక్కడే, గరాజ్‌లోనే. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో గరాజ్‌లో రెండో పొయ్యి ఉండటం వింతేమీ కాదు. పోపు ఘాటు సోఫాలకీ, ఆఫీసు బట్టలకీ పట్టకుండా ఉండాలంటే అదే దారి.

ఇల్లు అలకగానే పండగ కాదన్నట్టు, బండికి రంగు వేసినంత మాత్రాన బండి అయిపోలేదు. ఇంకా చిన్నాచితకా పనులుండగానే, చలికాలంలో రామమోహనరావు కళ్ళు పచ్చబడ్డాయి. ఆయనే అద్దంలో చూసుకుని, ఆయనే అనుమానపడి, ఆయనే స్కాన్ చేయించుకున్నారు. పాంక్రియాస్‌లో క్యాన్సర్. మందులు కొన్నాళ్ళు పనిచేసి మానేశాయి. చివరికి మంచాన్ని ముందు గదిలో కిటికీ పక్కకి తెచ్చారు, చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ నర్సు రావడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన స్నేహితుణ్ణి ఒకటే అడిగారు.

"విశ్వం, బండి తీసుకురా. ఒక్క రౌండ్ వేయించు. పక్క సీట్లో కూర్చుంటా, డ్రైవ్ కూడా అడగను."

"వారంలో తెస్తా," అన్నారు విశ్వనాథం. అప్పటికి బండి ఇంటిముందు వీధిలో చక్కగా తిరుగుతోంది. దూరం తీసుకెళ్ళాకే దాని రోగం బయటపడింది.

అప్పటినుంచి ఆయనకి తిండి లేదు, నిద్ర లేదు. పెట్రోల్ ఫిల్టర్ మార్చారు. పంపు మార్చారు. కార్బురేటర్ విప్పి, ప్రతి రంధ్రం కడిగి బిగించారు. స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేశారు. ఒక మెకానిక్ షాపుకి ఫోన్ చేస్తే, ఇంట్లో కట్టిన బళ్ళు మేం ముట్టుకోం అన్నారు. ఇంకో షాపువాడు వచ్చే నెల చూద్దామన్నాడు. వచ్చే నెల అనే మాట వినగానే విశ్వనాథానికి ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

మరి రామమోహనరావుకి ఏం చెబుతున్నారు? అబద్ధం చెబుతున్నారు. రోగి ముందు చెడ్డ మాట అనకూడదని మనవాళ్ళకి ఉగ్గుపాలతో పట్టిన నీతి కదా. "పెయింట్ ఆరుతోంది రా," అన్నారు ఒకరోజు. "నంబర్ ప్లేట్ రావాలి," అన్నారు ఇంకోరోజు. రామమోహనరావు తలూపేవారు. మత్తుమందు ఇచ్చే ముందు వేలమందికి "ఏం పరవాలేదు" అని చెప్పిన మనిషి. అబద్ధం వాసన ఆయనకి తెలీదా?

ఆ ఇంట్లో అందరూ అదే పని. వంటింట్లో రామమోహనరావు భార్య శారద కళ్ళు తుడుచుకుంటూ, "నర్స్ ఈ వారం దాటడం కష్టం అంది, అన్నయ్య గారూ. ఆయన దగ్గర అనకండి," అంటుంది. అదే శారద ముందు గదిలోకి వచ్చి, దిండు సర్ది, "కాస్త ఓపిక రానివ్వండి, అప్పుడు బండెక్కుదురు గాని," అంటుంది. మంచం మీది మనిషి వినేవారు, కిటికీలోంచి ఇంటి ముందు బండి ఆపే ఖాళీ డ్రైవ్‌వేని చూసేవారు.

లూయిస్‌విల్ దగ్గర ఆగి వెనక్కి వచ్చిన ఆ రోజు, గరాజ్ ముందు మెట్టు మీద కూలబడ్డ భర్తకి గిరిజ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"అన్నయ్య గారికి నిజం చెప్పెయ్యండి," అంది.

"చావుబతుకుల్లో ఉన్నవాడికి బండి నడవట్లేదని చెప్పమంటావా?"

"రోజూ రేపు రేపు అంటున్నారు. ఆయనకి రేపులు ఎన్నున్నాయని?"

విశ్వనాథానికి కోపం వచ్చింది. కోపం దిగేసరికి ఏడుపు వచ్చింది. గిరిజ కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన ఇంట్లో వాడే ఆ మామూలు కారులోనే ఫ్రిస్కో బయల్దేరారు.

రామమోహనరావు మొహం ఇంకాస్త చిక్కిపోయింది. నోటి దగ్గరికి వంగితే గాని మాట వినపడటం లేదు.

"ప్లేట్ వచ్చిందా?" అన్నారు.

ఇంకో అబద్ధం కోసం వెతుక్కుంటే విశ్వనాథానికి దొరకలేదు. "బండి నడవట్లేదు రా," అన్నారు. అనగానే కట్ట తెగినట్టయింది. "ఎన్నిసార్లు బయల్దేరానో. ఫిల్టర్ మార్చా, పంపు మార్చా, అంతా విప్పా. నాకు తెలీట్లేదు రా, రామం. నిన్ను ఎక్కించలేనేమో." మంచం పట్టె పట్టుకుని, శారద చూస్తోందని కూడా లేకుండా ఏడ్చేశారు.

రామమోహనరావు ఏడవలేదు. ఆయన కళ్ళలోకి చాన్నాళ్ళకి ఏదో పని దొరికిన చురుకు వచ్చింది. రోగి వివరాలు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగారు.

"స్టార్ట్ అవుతుందా?"

"ఠంచనుగా."

"ఎంత దూరం పోతుంది?"

"హైవే ఎక్కి కాసేపు. తర్వాత దగ్గి ఆగిపోతుంది."

"ఆగాక కాసేపు ఉంచితే?"

"మళ్ళీ లేస్తుంది."

రామమోహనరావు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకుని విశ్వనాథం లేవబోయారు. సన్నగా మాట వినపడింది.

"ఊపిరాడక రా దానికి. పెట్రోల్ ట్యాంక్‌కి గాలి గొట్టం పెట్టావు చూడు, వెనక చక్రం పైన. దాని మూతికి నేను బిరడా కొట్టా."

"నువ్వా? ఎప్పుడు?"

"మొదటిసారి పెట్రోల్ పోశాం కదా, ఆ రోజు. నువ్వు శనగపిండికి స్టోర్‌కి వెళ్ళావు. గిరిజమ్మ పొయ్యి వెలిగించింది. గరాజంతా పెట్రోల్ వాసన. కొంప అంటుకుంటుందని భయమేసి, డ్రాయర్‌లో రబ్బరు బిరడా ఉంటే తీసి కుక్కా. నువ్వొచ్చాక చెబుదామనుకున్నా. బజ్జీలొచ్చాయి." ఊపిరి కోసం కాసేపు ఆగారు. "ఆ తర్వాత వారమే నా స్కాన్. అడిగితే చెప్పేవాణ్ణి కదరా."

విశ్వనాథానికి అప్పుడు వెలిగింది. ట్యాంకులో పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. రాకపోతే పెట్రోల్ బయటికి కదలదు, పంపు ఎంత లాగినా రాదు. బండి ఆగాక ఆ కాసేపట్లో ఎక్కడో సందులోంచి కొంత గాలి చొరబడుతుంది, అందుకే మళ్ళీ లేస్తుంది. ఇది పెద్ద చదువేం కాదు. ఆకాశమంత బిల్డింగులకి గాలి దారులు గీసిన మనిషి ఆయన. గొట్టాన్ని తనే స్వయంగా బిగించారు కాబట్టి అందులో తప్పుండదనుకున్నారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. కానీ ఆయన్ని కోసిన మాట అది కాదు. అడిగితే చెప్పేవాణ్ణి అన్న మాట. మొదటి రోజే ఈ మంచం దగ్గర నిజం అని ఉంటే, రామం అప్పటికి తన కాళ్ళ మీద తనే నడిచొచ్చి బండెక్కేవాడు.

ఆయన ఇంటికెలా వచ్చారో ఆయనకే తెలీదు. వస్తూనే గరాజ్ నేల మీద వెల్లకిలా పడుకుని, వెనక చక్రం పైకి టార్చి వేసి చూశారు. గొట్టం మూతిలో, అంచుకి సమానంగా, నల్లగా కూర్చుని ఉంది బిరడా. నల్ల గొట్టంలో నల్ల రబ్బరు. తెలిసి చూస్తే తప్ప కనపడదు. పటకారుతో పట్టి లాగారు. బుస్సుమంటూ గాలి లోపలికి పోవడం మొదలైంది, ఎంతసేపటికీ ఆగలేదు. పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి అది. వింటూ విశ్వనాథం అలాగే నేల మీద ఉండిపోయారు.

బిరడా సంగతి విని గిరిజ పొయ్యినీ గ్యాస్ సిలిండర్‌నీ తనే ఈడ్చుకుంటూ పెరట్లో పెట్టి వచ్చింది. "ఇక మీదట వేపుళ్ళన్నీ అక్కడే. మీరు బయల్దేరండి," అంది.

లూయిస్‌విల్ దగ్గర పడుతుంటే, దింపుడు కళ్ళం ఆశ అంటారే, అలాంటి ఆశతో స్టీరింగ్‌ని కౌగిలించుకున్నట్టు పట్టుకున్నారు. రోజూ ఆగే చోటు వచ్చింది. వెళ్ళిపోయింది. బండి దగ్గలేదు. ఆయన నోరారా తిట్టుకున్నారు, ఎవర్నని చెప్పలేం, బహుశా తననే.

ఫ్రిస్కోలో, ఇంటి ముందు బండి చప్పుడు విని శారద గుమ్మంలోకి వచ్చింది. "ఇప్పుడొద్దు అన్నయ్య గారూ. పొద్దుటికన్నా నీరసించారు. కాస్త ఓపిక రాగానే తప్పకుండా..." అంటూనే దారిచ్చింది.

రామమోహనరావు కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి. డ్రైవ్‌వేలో నీలం బండి.

"ఆగలేదా?"

"ఆగలేదు రా."

"నిజంగా?"

"నిజంగా."

"అయితే ఇంకో నిజం కూడా చెప్పు. నర్స్ ఏమంది?"

వెనకనుంచి శారద వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. ఓపిక వస్తుంది రా, అన్న మాట విశ్వనాథం నాలుక చివరే ఉంది. ఎన్నిసార్లు అన్నారో ఆ మాట. శారద మొహం చూశారు. బిరడా ఇంకా ఆయన చొక్కా జేబులోనే ఉంది.

"ఈ వారం దాటదంది," అన్నారు.

శారద చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. రామమోహనరావు మెల్లగా తలూపారు.

"నా లెక్కా అదే," అన్నారు. "ఓపిక రావడం అంటూ ఉండదు శారదా. నా చెప్పులు ఇలా పెట్టు."

శారద వెళ్ళి చెప్పులు తెచ్చి, కింద కూర్చుని, తనే తొడిగింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. మనిషిలో బరువే లేదు. దుప్పటి చుట్టి పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, శారద ఆయన జుట్టు సవరించింది.

"ఎక్కడికి పోదాం?" అన్నారు విశ్వనాథం.

"సిగ్నల్ దాకా పోనీ."

మెల్లగా పోనిచ్చారు. ఇళ్ళ ముందు నీళ్ళు చిమ్ముతున్న పచ్చిక, తోవలో కాలితో తోసే స్కూటర్ల మీద పిల్లలు, సాయంత్రపు ఎండ. రామమోహనరావు మొహానికి గాలి తగులుతోంది. వీధి మలుపు తిరగగానే సిగ్నల్ ఎర్రబడింది. బండి నిలబడింది, ఇంజన్ మాత్రం గుడగుడమంటూనే ఉంది. రామమోహనరావు దాన్నే కాసేపు విన్నారు. తర్వాత దుప్పట్లోంచి చెయ్యి తీసి తలుపు మీద వేశారు.

"దిగి తొయ్యమంటావా?" అన్నారు.

విశ్వనాథానికి కన్నీళ్ళతో ఏమీ కనపడలేదు. పచ్చ దీపం పడిందని ఆయనకి తెలిసింది వెనక ఎవరో హారన్ కొట్టాకే.