అడిగే పెట్టె, చెప్పే పెట్టె

మా ఆయనకు వాచీ అంటే పడదు. పెండ్లిలో మా అమ్మ పెట్టిన వాచీని బీరువాలో దాచి తాళమేసినాడు మహానుభావుడు. పేరు మునిచంద్ర, ఊరు పుంగనూరు, పని దోవన పోయేవాళ్ళను టైమడగడం. అడిగి ఊరుకుంటాడా? ఎదురొచ్చినోళ్ళకంతా "ఎనిమిదింబావు, పక్కా!" అని చెప్పేస్తాడు. ఒకసారి బస్టాండులో టీ అంగడి హనుమంతును టైమడిగి, నింపాదిగా నడిచిపోయి, ఆ పాత టైమునే వాచీలు బాగుచేసే ఆదెప్పకు చెప్పినాడు. ఆదెప్ప గోడగడియారం తిప్పుకున్నాడు. దాన్ని చూసి హనుమంతు తన వాచీ తిప్పుకున్నాడు. ఇద్దరి టైమూ ఒకటే అయ్యేసరికి, బస్సే ముందొచ్చేసిందని జనం డ్రైవర్ను తిట్టినారు.

2003లో ఈయన పనిచేసే పాల కంపెనీ వాళ్ళు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టినారు. ఫోను లైన్లో ఒకదాన్నొకటి టైమడుక్కునే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది మా ఆయనే. అడిగేదీ అదే, చెప్పేదీ అదే. "అచ్చం నా మాదిరే ఉండాది నవనీతా!" అని మురిసిపోయినాడు. నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

కుప్పం పెట్టెలో గడియారం తొందరపడింది. దాని వెనకే మిగతా రెండూ పరిగెత్తినాయి. ఎనిమిది దాటితే పాలు తీసుకోరు. చౌడేపల్లె నుంచి మా అమ్మ చెంగమ్మ ఎండ పడకముందే పుంగనూరు ఆఫీసుకు క్యాను తెస్తే, పెట్టె తొమ్మిదంటాది. పాలు వెనక్కి! ఇంకా ముందే లేచి పిండుదామంటే చీకట్లో ఆవు పాలు చేపదు.

"సూర్యుడింకా కొండ దాటలేదు కదప్పా," అనింది మా అమ్మ.

"మూడు కంప్యూటర్లు ఒక మాట మీద ఉండాయమ్మా. సూర్యుడొక్కడే వేరేగా చెప్తాండాడు," అన్నాడు మేనేజరు. ఆయన చేతివాచీ కూడా ఆ పెట్టెను చూసి తిప్పుకుందే. ఇంకొకసారి లేటైతే పాలు పోసే కార్డు రద్దన్నాడు. మా అమ్మకున్నది ఆ ఒక్క ఆవే. కార్డు పోతే ఏం తిని బతకాల?

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి సంగటి ముద్ద పళ్ళెంలో పెట్టకుండా చేత్తో పట్టుకునే మా ఆయన్ను అడిగినా.

"మీ పెట్టెకు టైము చెప్పేదెవురు?"

"కుప్పం."

"కుప్పానికి?"

"మదనపల్లె."

"మదనపల్లెకు?"

"ఇంకెవురు, మేమే!" అని గర్వంగా చెప్పి, తన మాటే తిరిగి తన దగ్గరికొచ్చిందని తెలిసి నెత్తి కొట్టుకున్నాడు.

అడిగే ముక్క, చెప్పే ముక్క వేరుచేసిన కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించినాడు. మదనపల్లె పెట్టె ఇంటర్నెట్‌లో ఉండే అసలు గడియారాన్ని అడిగి మిగతావాటికి చెప్పాల. పుంగనూరు, కుప్పం అడగడమే, ఎవురికీ చెప్పకూడదు. తన పెట్టెలోంచి చెప్పే ముక్క తీసేటప్పుడు కండ్లనీళ్ళు పెట్టుకున్నాడంట. "ఇంక మన పుంగనూరు మాటకు విలువ లేదా?" అని నన్నడిగినాడు. లేదన్నా.

మరుసటి పొద్దున నేనూ అమ్మ వెంట పోయినా. పెట్టె ఏడున్నర చూపించింది. పాలు పోయించుకున్నారు. మా అమ్మ కండ్లు తుడుచుకుంటా గేటు బయటికొచ్చి, ఆడ నిలబడుండే అల్లుణ్ణి, "బస్సుకు పోవాల, టైమెంతప్పా?" అనడిగింది.

మా ఆయన నోరు తెరిచినాడు. నా పక్క చూసినాడు. మూసినాడు.

"నాకు తెలీదత్తా," అన్నాడు.

పెండ్లయినాక మా అమ్మ ఆయన్ను మంచోడు అనింది ఆ పొద్దే.