ఖాలా నిలబెట్టిన వరస

మా వీధంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలుచుకునే ముసలామె శుక్రవారం తెల్లవారుజామున ఆసుపత్రిలో కన్నుమూసింది. తుంటి విరిగి మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు.

నల్లమాడ వైపు నుంచి కోడలిగా వచ్చి, వంక గట్టున రేకుల ఇంట్లో బట్టలు కుట్టుకుంటూ బతికింది. వీధి కొళాయి ఆమె గుమ్మం ఎదుటే ఉండేది. ఎప్పుడొస్తాయో తెలియని ఆ నీళ్ల కోసం మేం జుట్లు పట్టుకోలేదంటే అది ఆమె చలవే. మిషను తొక్కుతూనే కేక వేసేది: "ఏయ్, బాలింత వచ్చిండాది, జరగండి!" మిగిలిన గుడ్డపేలికలతో చుట్టకుదుర్లు కుట్టి, బిందె నెత్తిన పెట్టుకునేవాళ్లకు ఊరికే ఇచ్చేది. కొత్త కోడలినై బిక్కుబిక్కుమంటున్న నన్ను చేయి పట్టుకొని వరసలో నిలబెట్టింది ఆమే.

పోయిన ఏడాది ఊరి నీళ్లను ఒక కంపెనీకి అప్పగించారు. ఇంటి పట్టా ఉన్నవాళ్లకు మీటరు కొళాయి. పట్టాల్లేని వంక గట్టు ఇళ్లకు అప్పుడప్పుడూ ట్యాంకరు. వీధి కొళాయి పీకడానికి మనుషులొచ్చిన రోజు ఖాలా దాని ముందు కుర్చీ వేసుకొని కూర్చుంది. వార్డు నాయకుడు వచ్చాడు.

"ఊరికే వచ్చే నీళ్లకి విలువుండదు ఖాలా. ఇంగ పొద్దస్తమానం నీళ్లే."

"ఎవురికప్పా? పట్టా లేనోళ్లకి దప్పి కాదా?"

అతను నవ్వాడు. ఇద్దరు మనుషులు ఆమెను కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టారు.

మా ఇంటికి పట్టా ఉంది; మా కొళాయి దగ్గర పట్టుకొమ్మని ఖాలాను బతిమాలాను. "నువ్విస్తావు. రేపు నీ కోడలు ఇస్తాదా? అడుక్కున్న నీళ్లు గొంతు దిగవమ్మా. నా వరసలో నేను పట్టుకుంటా" అంది.

ట్యాంకరు దగ్గర వరసే లేదు. పైపు అందినవాళ్లవే నీళ్లు. "ఒకరెనక ఒకరు రాండి" అని అరుస్తుండగానే ఆమెను తోసేశారు. ట్యాంకరు ఖాళీ అయ్యాకే లేపారు. ఆసుపత్రిలో నేను వాళ్లను తిడుతుంటే ఆపింది: "ఏమీ అనాకు. దప్పిగొన్నోళ్లకి మనిషి కనపడడు."

శుక్రవారం మధ్యాహ్నమే ఖాలా జనాజా, ఆమె పాడె, లేచింది. సందు మొదట్లో ట్యాంకరు హారన్ వినిపించింది. గుమ్మంలో ఏడుస్తున్న ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకొని బిందెల కోసం పరుగెత్తారు. సందు ఇరుకు. డ్రైవరు హారన్ ఆపలేదు. జనాజా మోస్తున్నవాళ్లు గోడకు ఒత్తుకొని నిలబడి, ట్యాంకరుకు దారిచ్చారు.