రెక్కలో బోల్టులు

నతానియేలు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగి. యుద్ధకాలపు చెక్క విమానాన్ని కొన్న హోటల్ యజమాని దాన్ని బాగుచేసే పని అతనికి అప్పగించాడు. అది గాల్లోకి లేస్తే కళ్లారా చూడాలని నతానియేలు ఆశ.

విరిగిన రెక్క దూలాన్ని కొత్త చెక్కతో అతికించాడు. ఉత్త జిగురును నమ్మలేక, లారీకి వేసినట్టే బోల్టులు బిగించాడు.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు తల పట్టుకున్నాడు.

"విమానానికి లారీ బోల్టులేంటండీ? దూలం నిండా చిల్లులే! పైకి లేస్తే విరిగిపోద్ది."

"ఊడిపోకూడదని వేశానండీ."

యజమాని నవ్వేశాడు. "మళ్లీ దూలం చేయించే ఓపిక నాకు లేదు నతానియేలూ. ఎగరకపోతే మానె. ఆ రెక్కలు కోసి హోటల్‌కి బల్లలు చేసెయ్."

నతానియేలు కాదనలేదు. ఏడాదిపాటు తాను నునుపు చేసిన రెక్కను కాదంటే వేరెవరో మొరటుగా కోసేస్తారని, తానే రంపం అందుకున్నాడు.